ఏడు చేపలు, ఒక వీహెచ్ఎస్ కెమెరా

మొన్న మా చెల్లెలి కూతురి పెళ్ళి పనుల మీద బెజవాడ వెళ్ళాను. పసుపు కొమ్ములు, విస్తళ్ళు కొనడానికి ఇద్దరం వన్‌టౌన్‌లో తిరుగుతుంటే ఒక సందు మలుపులో ఎండుచేపల దుకాణం తగిలింది. మా చెల్లెలు చప్పున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముందుకు వెళ్ళిపోయింది. నా కాళ్ళు మాత్రం కదల్లేదు. ఆ వాసనకి నాకు గుర్తొచ్చింది వంట కాదు, మా ఇంట్లో చేపలు వండరు కూడా. గుర్తొచ్చింది కృష్ణ ఒడ్డున ఇసుక, ఇసుకలో పరిచిన ఈతచాప, చాప మీద చేపలు, వాటి చుట్టూ కిరీటాలు పెట్టుకుని నిలబడ్డ ఏడుగురు మగపిల్లలు, ఎదురుగా భుజం మీద కెమెరాతో మా బాబాయ్.

బాబాయ్ అంటే చుట్టం కాదు. మా లోకల్ ఛానల్ కెమెరామన్. ప్రొప్రైటరు గారి దగ్గర్నుంచి టీ తెచ్చే కుర్రాడి దాకా ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే.

కేబుల్ టీవీ ఊరంతా పాకిన రోజులవి. శాటిలైట్ ఛానళ్ళతో పాటు కేబుల్‌వాళ్ళ సొంత ఛానల్ ఒకటి ఇళ్ళకి వచ్చేది. గవర్నరుపేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచేది మాది. ఊరి వార్తలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఫోన్ చేసి అడిగితే వేసే సినిమా పాటలు, మధ్య మధ్యలో బీసెంట్ రోడ్డు చీరల దుకాణాల ప్రకటనలు. డిగ్రీ అవగానే నేను అక్కడ ఊరి వార్తలు చదవడానికి చేరాను. కొన్నాళ్ళకి ఆదివారం పొద్దున వచ్చే పిల్లల కథ నా చేతికి వచ్చింది. అరగంట కార్యక్రమం. కథ రాయడం, పిల్లల్ని వెతకడం, మాటలు నేర్పడం, మధ్యాహ్నం వాళ్ళకి అన్నం పెట్టించడం, చీకటి పడేలోగా ఎవరింటికి వాళ్ళని దింపడం, అన్నీ నా పనే. నా ఉద్యోగ జీవితంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు.

*

నేను పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. మా వీధి మొత్తానికి టీవీ ఉన్నది ఒక్క ప్లీడరు గారింట్లో. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లోనే మొదలైనా, మా వీధిలో బొమ్మ కనపడటానికి చాలా ఏళ్ళు పట్టింది. కనపడటం మొదలయ్యాక కూడా ఎక్కువసేపు హిందీయే. ఆదివారం అయ్యేసరికి ప్లీడరు గారి హాల్లో చాపల మీద వరసగా కూర్చునేవాళ్ళం. పెద్దవాళ్ళకి వెనక కుర్చీలు, మాకు ముందు చాపలు. విక్రమార్కుడూ బేతాళుడూ వచ్చినప్పుడు చందమామ చదివిన అలవాటు కొద్దీ కథ అర్థమయ్యేది కానీ, మాట ఒక్కటీ తెలిసేది కాదు. వంటింట్లోంచి మామ్మ గారు "ఏమంటున్నాడే వాడు?" అని అడిగితే, చందమామలో చదివిన కథనే గట్టిగా చెప్పేదాన్ని. ఆవిడ తృప్తిగా "ఆఁ ఆఁ" అనేవారు.

తర్వాత మాల్గుడి డేస్ వచ్చింది. 1986లో అనుకుంటా, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. శంకర్ నాగ్ తీశాడు. కర్ణాటకలో ఆగుంబె అనే ఊళ్ళో తీశారని పెద్దయ్యాక తెలిసింది. స్వామి ఇంటి అరుగు, వాళ్ళ నాన్నమ్మ, బడికి ఎగనామం పెట్టే సాకులు, అన్నీ మనవే. గుంటూరులో ఏ పిల్లాడైనా స్వామే. వాడు నోరు తెరిస్తే మాత్రం హిందీ. ఈ పిల్లాడు మా వీధి పిల్లాడి మాట మాట్లాడితే ఎలా ఉంటుందో అని ఆ వయసులోనే అనిపించేది.

తెలుగులో పిల్లల కోసమని టీవీలో నేను చూసింది బడి పాఠాలు. ఇన్సాట్-1బి ఉపగ్రహం 1983లో పైకి వెళ్ళాక, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల బడిపిల్లలకి వాళ్ళ భాషల్లో కార్యక్రమాలు ప్రసారం చేసేవారు. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి ఒకటి, తొమ్మిది నుంచి పదకొండేళ్ళ వాళ్ళకి ఒకటి. అవి బడి వేళల్లో వచ్చేవి. మా బడిలో టీవీ లేదు. కాబట్టి జ్వరం వస్తేనే చూడటం కుదిరేది. దుప్పటి కప్పుకుని ప్లీడరు గారింటికి వెళ్ళి కూర్చుంటే, గింజ మొలకెత్తడం గురించి ఒకావిడ తెలుగులో చెప్తుండేది. పక్కన ఒక గుడ్డబొమ్మ ఆవిణ్ణి ప్రశ్నలు అడుగుతుండేది. ఆ బొమ్మ తెలుగులో అడుగుతోందని నాకు ఎంత సంబరమో! జ్వరం తగ్గకపోతే బాగుండు అనుకునేదాన్ని.

ఇంట్లో మాకు అసలు లోకం రేడియో. విజయవాడ కేంద్రం 1948 నుంచీ ఉంది, మా అమ్మ చిన్నప్పటి నుంచీ దాని నీడలోనే పెరిగింది. హైదరాబాదు కేంద్రంలో న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయి పిల్లల చేత ఎలా మాట్లాడించేవారో అమ్మ కథలు కథలుగా చెప్పేది. ఆదివారం పిల్లల కార్యక్రమంలో ఎవరో పిల్ల పద్యం మధ్యలో మర్చిపోయి ఆగిపోతే, పక్కనున్న పిల్ల గుసగుసగా అందించడం రేడియోలో వినపడేది. దాన్ని కోసెయ్యలేదు వాళ్ళు. అమ్మ ఆ గుసగుస విని నవ్వుకునేది. పిల్లల సీరియల్ నా చేతికి వచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది ఏ టీవీ కార్యక్రమమూ కాదు, ఆ గుసగుసే.

*

మొదటి కథ ఏం తీద్దాం అని ప్రొప్రైటరు గారు అడిగితే, ఏడు చేపల కథ అన్నాను. తెలుగు తెలిసిన ఏ ఇంట్లోనైనా పిల్లలకి అన్నం తినిపిస్తూ చెప్పే కథ. రాజుగారికి ఏడుగురు కొడుకులు, వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, అందులో ఒక చేప ఎండలేదు. ఎందుకెండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిని ఆవు మేయలేదు, ఆవుని గొల్లవాడు మేపలేదు, గొల్లవాడికి అవ్వ అన్నం పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ణి చీమ కుట్టింది. కథ అందరికీ తెలుసు కాబట్టే ఎంచుకున్నాను. తెలిసిన కథని తమ ఊళ్ళో, తమ ఏటి ఒడ్డున చూడాలి పిల్లలు.

బ్యారేజీ దిగువన, ఎండాకాలం ఇసుక తేలి ఉండే చోట తీశాం. ప్రకాశం బ్యారేజీ గేట్లు వెనక వరసగా కనపడుతుంటాయి. రాజుల కాలం కథలో 1957 నాటి బ్యారేజీ ఏంటి అని ఎవరో అంటే, బాబాయ్ "బెజవాడ రాజుగారికి బ్యారేజీ లేకపోతే ఎట్టా?" అని కెమెరాని కావాలనే అటు తిప్పాడు. అది నాకూ నచ్చింది, అలాగే ఉంచాం.

రాజకుమారులు సత్యనారాయణపురం, కృష్ణలంక పిల్లలు. గాంధీనగరంలో నాటకాలకి డ్రెస్సులు అద్దెకిచ్చే కంపెనీ నుంచి కిరీటాలు తెచ్చాం. అవి పెద్దవాళ్ళ కొలతలు. పిల్లల తలకి పెడితే కళ్ళ మీదకి జారిపోయేవి. లోపల పాత ఆంధ్రపత్రిక కాగితాలు ఉండలు చుట్టి దోపాం. ఎండకి చెమట పట్టి, ఆ కాగితం సిరా కారి, మధ్యాహ్నానికి ఏడుగురి నుదుటి మీదా నల్లటి మరకలు. వాళ్ళమ్మలు సాయంత్రం చూసి నన్ను తిట్టలేదు, పమిట చెంగుతో తుడుచుకుంటూ తీసుకెళ్ళారు.

మొదట పచ్చి చేపలే తెచ్చాం. గంటలో గద్దలు వచ్చేశాయి. పైన తిరుగుతూ తిరుగుతూ ఒకటి దభాలున దిగి చేపని ఎత్తుకుపోతే పిల్లలు కెవ్వుమని పారిపోయారు. అప్పుడు టీ కుర్రాణ్ణి వన్‌టౌన్ పంపి ఎండుచేపలు తెప్పించాం. ఆరు ఎండువి, ఒకటి పచ్చిది. కెమెరాలో తేడా బాగా తెలిసింది, ఆరు చేపలూ బూడిదరంగులో ఉంటే ఆ ఒక్కటీ వెండి మెరుపు మెరిసింది. అయితే బెజవాడ ఎండ సంగతి తెలిసిందే కదా. కథ ప్రకారం ఎండకూడని చేప మా కళ్ళముందే ఎండిపోతోంది. ఒక పిల్లాణ్ణి చెంబుతో పక్కన కూర్చోబెట్టి దాని మీద నీళ్ళు చిలకరిస్తూనే ఉండాల్సి వచ్చింది. ఆ పిల్లాడు తెర మీద కనపడడు. కానీ వాడికి తన పని మీద ఎంత శ్రద్ధంటే, అన్నాలకి లేచినప్పుడు కూడా చెంబు ఇంకొకరికి అప్పజెప్పి వెళ్ళాడు.

ఆవు మాట వినలేదు. కథలో గడ్డి మేయకూడని ఆవు, గడ్డిమోపు చూడగానే మేయడం మొదలుపెట్టేది. చివరికి దానికి కడుపునిండా పెట్టి, నెమరు వేస్తున్నప్పుడు తీశాం. నోరు ఆడుతుంది కాబట్టి మాట్లాడుతున్నట్టే ఉంది. గొంతు టీ కుర్రాడిది. "గొల్లవాడు నన్ను మేపలేదు" అని వాడు అంత దిగులుగా చెప్తాడని ఎవరం అనుకోలేదు. వాడిది రేపల్లె దగ్గర పల్లె, చిన్నప్పుడు పశువులు కాశాడు.

*

చీమ గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కథకి ప్రాణం చీమ. చీమ కనపడకపోతే పిల్లలు ఒప్పుకోరు. పెళ్ళిళ్ళు తీసే వీహెచ్ఎస్ కెమెరాతో చీమని తెర నిండా చూపించాలి. లెన్స్ దగ్గర మాక్రో అని ఒక మీట ఉంటుంది, దాన్ని నొక్కి తిప్పితే లెన్స్‌కి అంగుళం దూరంలో ఉన్న వస్తువు కూడా స్పష్టంగా వస్తుంది. పెళ్ళిళ్ళలో మంగళసూత్రం, మెట్టెలు తీయడానికి బాబాయ్ దాన్ని వాడేవాడు. ఆఫీసు డాబా మీద ఒక చార్టు మీద ఎర్రమట్టి జిగురుతో అంటించి పుట్ట చేశాం. పుట్ట బంగారుది కాబట్టి డ్రెస్ కంపెనీ నుంచి తెచ్చిన చమ్కీ పైన చల్లాం. బెల్లం ముక్క పెట్టాం. చీమలు వచ్చాయి. సన్‌గన్ లైటు వేయగానే ఆ వేడికి ఒక్క చీమ మిగల్లేదు.

మర్నాడు లైటు మానేసి, పొద్దుటి ఎండలో థర్మోకోల్ షీటు పట్టుకుని వెలుగు పుట్ట మీదకి కొట్టాం. బాబాయ్ డాబా మీద బోర్లా పడుకున్నాడు. కెమెరా ఇటుక మీద. ఎర్ర చీమలు మరీ చిన్నవి, మచ్చల్లా కదులుతున్నాయి తప్ప తల, కాళ్ళు తెలియడం లేదు. గండుచీమ కావాలన్నాడు. ఆఫీసు వెనక వేపచెట్టు మొదట్లో గండుచీమలు బారులు తీరి ఉండేవి. బెల్లం పాకం రాసిన ఆకు మీద వాటిని ఎక్కించి తెచ్చాం. ఒక గండుచీమ చమ్కీ మీదకి ఎక్కి, ముందు కాళ్ళు పైకెత్తి, మీసాలు ఆడించి, సరిగ్గా లెన్స్‌లోకి తిరిగి నిలబడింది. చిన్న మానిటర్‌లో ఆ నల్లటి గుండ్రటి తల, దాని మీద వెలుగు చుక్క. మేమందరం ఊపిరి బిగబట్టాం. బాబాయ్ ఊపిరి కూడా వదలకుండా అలాగే తీశాడు. ఊపిరి వదిలితే ఫోకస్ పోతుంది.

చీమకి గొంతు ఇచ్చింది కృష్ణలంక నుంచి వచ్చే రెండో తరగతి పిల్ల. వాళ్ళ నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజింగ్ చేసేవాడు. నేను రాసిన మాట ఒకటి, ఆ పిల్ల చెప్పింది ఒకటి. చేతులు నడుం మీద పెట్టుకుని, మెడ విరిచి, "నా బంగారు పుట్టలో వేలెడితే ఊరుకుంటానా? కుట్టనూ!" అంది. వాళ్ళ నాయనమ్మ అలాగే చెప్తుందట. మైకు ముందు చేతులు నడుం మీద పెట్టుకోనక్కర్లేదమ్మా అంటే, పెట్టుకోకపోతే కోపం రాదండీ అంది. నేను నా కాగితం మడిచి పక్కన పెట్టేశాను.

దీని మీద ఆఫీసులో పెద్ద చర్చ జరిగింది. టీవీలో వచ్చే భాష టీవీ భాషలా ఉండాలి, పిల్లలు నేర్చుకుంటారు, "వేలెడితే" ఏంటి అని ప్రొప్రైటరు గారి టెన్షన్. ఆయన చెడ్డవారు కాదు, ఊళ్ళో మాట పడాల్సి వస్తుందని భయం. సత్యనారాయణపురంలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మా కథలు చూసి పెట్టేవారు. ఆయన్ని అడిగారు. మాస్టారు క్యాసెట్ మొత్తం విన్నారు. "రాజుగారికి గ్రాంథికం పెట్టుకోండి. చీమది కృష్ణలంక. దాన్ని ముట్టుకోవద్దు" అన్నారు. ఆ తర్వాత మా సీరియల్‌లో పిల్లల మాటల మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

*

ఎడిటింగ్ అంటే రెండు వీసీఆర్‌లు, మధ్యలో ఒక మిక్సర్. ఒక దాంట్లో తీసిన టేపు, రెండో దాంట్లో ఖాళీ టేపు. ఇందులో ప్లే, అందులో రికార్డు, కావాల్సిన చోట పాజ్. ఒక షాటు తప్పుగా పడిందంటే అక్కడి నుంచి మళ్ళీ మొదలు. ఒక టేపు నుంచి ఇంకో టేపుకి ఎక్కించిన ప్రతిసారీ బొమ్మ కొంచెం పలచబడుతుంది, ఎరుపు పక్కకి కారుతుంది. అందుకని మూడోసారి కాపీ చేయకుండా పని ముగించడం ఎడిటర్ గొప్పతనం. శనివారం రాత్రి వీసీఆర్ తలని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవడంతో మొదలయ్యేది. ఆ స్పిరిట్ వాసన, వేడెక్కిన యంత్రాల వాసన, కింద బండి మీద నుంచి వచ్చే మిరపకాయ బజ్జీల వాసన, ఇవన్నీ కలిస్తే మా శనివారం.

ఆదివారం పొద్దున టేపుని ప్లాస్టిక్ కవరులో చుట్టి, లూనా మీద కంట్రోల్ రూముకి తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ దాన్ని వీసీఆర్‌లో పెట్టి నొక్కితే, స్తంభాల మీదుగా వేలాడే నల్లటి వైర్ల వెంట ఊరంతా మా కథ. కరెంటు పోతే ఆ పేట యాంప్లిఫయర్ కూడా పోయేది, ఆ పేటకి కథ సగంలో ఆగిపోయేది. వెంటనే ఫోన్లు. "మా అజిత్‌సింగ్‌నగర్‌కి ఆవు దాకానే వచ్చిందండీ, తర్వాత ఏమైంది?" అని అడిగేవారు. నేను ఫోనులోనే మిగతా కథ చెప్పేదాన్ని. సాయంత్రం మళ్ళీ వేసేవాళ్ళం.

ఏడు చేపల కథ వచ్చిన మర్నాడు కృష్ణలంకలో ఆ పిల్ల బడికి వెళ్తుంటే, రిక్షా అతను ఆగి "చీమా, ఎక్కు, బడి దగ్గర దించుతా" అన్నాడట. వాళ్ళ నాన్న ఆఫీసుకి వచ్చి ఈ మాట చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

*

తోలుబొమ్మలు తీసిన వారం గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. నరసరావుపేట వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. తాత, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. మేకతోలు బొమ్మల్ని చాపలో చుట్టి తెచ్చారు. ఆఫీసు గదిలో పంచె కట్టి, వెనక నూనె దీపాలు పెడతామన్నారు. దీపం వెలుగు మా కెమెరాకి చాలదు, బొమ్మ అంతా గరుకుగా చీకటిగా వస్తుంది. బల్బు పెడితే మధ్యలో తెల్లగా మండిపోతుంది, చుట్టూ నలుపు. పంచె మీద పంచె వేసి, బల్బుని దూరంగా జరిపి, చివరికి ఆ ఎరుపులు, ఆ పచ్చలు తెర మీద దిగాయి. హనుమంతుడి తోలులో చిల్లుల్లోంచి వెలుగు నగలై మెరుస్తుంటే పిల్లలు తెర వెనక్కి, ముందుకి పరిగెత్తారు.

కేతిగాడు, బంగారక్క మాటలు మాత్రం పెద్దవాళ్ళవి. రాత్రంతా మేలుకునే ఊరి జనం కోసం పుట్టిన హాస్యం అది, ముతకగా ఉంటుంది. తాతని అడిగాం, పిల్లలకి ఆదివారం పొద్దున చూపించాలి, కొంచెం మార్చగలరా అని. ఆయన ఆలోచించి, కేతిగాడికి ఎక్కాలు రావని బంగారక్క ఏడిపిస్తున్నట్టు అప్పటికప్పుడు కట్టాడు. ఏడో ఎక్కం దగ్గర కేతిగాడు తడబడటం, బంగారక్క చీపురు ఎత్తడం. పిల్లలు నవ్వి నవ్వి కింద పడ్డారు. వాళ్ళ నవ్వు కూడా టేపులో పడింది. ఆ నవ్వు తీసేయమని ఎవరూ అనలేదు.

కొండపల్లి బొమ్మలతో కూడా ఒక కథ చేశాం. తెల్ల పొణికి చెక్క, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు, సున్నం పూత, రంగులు, బొమ్మ ఎలా తయారవుతుందో చూపించి, అదే బొమ్మతో కథ. అది అనుకున్నంత బాగా రాలేదు. బొమ్మ కదలదు కదా. కానీ అంబారీ ఏనుగు మీద బాబాయ్ తీసిన ఒక షాటు, ఏనుగు తొండం దగ్గర్నుంచి మెల్లగా పైకి, అంబారీలో కూర్చున్న రాజు ముఖం దాకా వెళ్ళే ఆ షాటు, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనపడుతుంది.

*

పిల్లలతో పని కాబట్టి వాళ్ళ లోకం ప్రకారం మేం నడవాల్సిందే. శక్తిమాన్ వచ్చే వేళకి షూటింగ్ ఆపేయాలి, లేకపోతే రాజకుమారులు కిరీటాలతోనే పక్కింటి టీవీ ముందు తేలేవారు. దసరా తొమ్మిది రోజులూ ఛానల్ అంతా ఇంద్రకీలాద్రి మీదే, మా కథకి సెలవు. ఏడో తరగతి కామన్ పరీక్షలు వస్తే ఆ పిల్లలు ఇక దొరకరు. బెజవాడలో, గుంటూరులో చదువు సంగతి వేరే చెప్పాలా? ఆరో తరగతి దాకా నవ్వుతూ వచ్చిన పిల్లాడు, ఏడులోకి రాగానే ట్యూషన్, తర్వాత హాస్టల్. ఒక కథ మధ్యలో పెద్ద రాజకుమారుణ్ణి వాళ్ళ నాన్న తీసుకెళ్ళి రెసిడెన్షియల్‌లో చేర్చేశాడు. మిగిలిన భాగాల్లో వాడి తమ్ముడి చేత వేయించాం. రాజకుమారుడు అడవిలో శాపం తగిలి చిన్నవాడైపోయాడని కథలో ఒక మలుపు పెట్టాం. చూసిన పిల్లలు ఆ శాపం ఎప్పుడు తీరుతుందని ఉత్తరాలు రాశారు.

ఆ ఉత్తరాలు పోస్టుకార్డుల మీద వచ్చేవి. పటమట నుంచి, భవానీపురం నుంచి, ఏటి అవతల తాడేపల్లి నుంచి కూడా. ఒక మామ్మ గారు మనవడి చేత రాయించిన కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఏడు చేపల కథలో తమ ఊళ్ళో గడ్డిమోపు తర్వాత ఇంకో మెట్టు ఉంటుందని, మేం దాన్ని వదిలేశామని, ఈసారి తీస్తే కలపమని రాయించారు. ఊరికో రకంగా చెప్తారు ఆ కథ. అది చదివాక ప్రతి కథ చివర "మీ ఇంట్లో ఈ కథ వేరేగా చెప్తే మాకు రాయండి" అని పెట్టడం మొదలుపెట్టాం. వచ్చిన కార్డుల్ని చీమ పిల్ల తెర మీద చదివేది.

*

ఆగిపోవడం ఒక్కసారిగా జరగలేదు. శాటిలైట్ ఛానళ్ళలో సీరియళ్ళు పెరిగాయి, పిల్లలకి రోజంతా కార్టూన్లు దొరికాయి, లోకల్ ఛానల్‌కి ప్రకటనలు తగ్గాయి. ఆదివారం పొద్దుటి అరగంటని డబ్బిచ్చేవాళ్ళకి ఇవ్వాల్సి వచ్చింది. నెలకోసారి చేశాం, తర్వాత పండగలకి చేశాం, తర్వాత లేదు. బాబాయ్ మళ్ళీ పూర్తిగా పెళ్ళిళ్ళలోకి వెళ్ళిపోయాడు. నేను పెళ్ళై హైదరాబాదు వచ్చేశాను.

తర్వాత తెలుగులో పిల్లల ఛానళ్ళు వచ్చాయి. 2009లో ఖుషీ టీవీ, 2021లో ఈటీవీ బాలభారత్. రాష్ట్రం విడిపోయాక బెజవాడలోనే దూరదర్శన్ సప్తగిరి వచ్చింది. వాటిలో మంచి పనులున్నాయి, కాదనను. కానీ పిల్లల కార్యక్రమం అంటే ఎక్కడో తయారైన బొమ్మలకి తెలుగు గొంతులు పెట్టడం, లేదంటే ఆరేళ్ళ పిల్లలకి రంగులు పూసి పెద్దవాళ్ళ సినిమా పాటలకి ఆడించడం, ఇదే ఎక్కువైంది. నాకు ఆ రెండోది చూస్తే బాధగా, కోపంగా ఉంటుంది. పిల్ల తన మాట తను మాట్లాడి, తన నాయనమ్మ చెప్పిన కథ తను చెప్తే చూసేవాళ్ళు లేరా? ఉన్నారు. నేను ఆ పోస్టుకార్డులు చదివాను.

మా కథల టేపులు ఏమయ్యాయని చాలామంది అడుగుతారు. లేవు. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు. ఈ వారం వేసిన టేపు మీదే వచ్చే వారానిది రికార్డు చేసేవాళ్ళం. ఊళ్ళో అన్ని లోకల్ ఛానళ్ళ పద్ధతీ అదే. ఏడు చేపల మీద తోలుబొమ్మలు, తోలుబొమ్మల మీద కొండపల్లి ఏనుగు, ఏనుగు మీద దసరా ఊరేగింపు. టేపు అరిగి బొమ్మ చెడే దాకా వాడి పారేసేవాళ్ళం. బాబాయ్ పోయి మూడేళ్ళు దాటింది. ఆయన ఇంట్లో పెట్టెలన్నీ వాళ్ళబ్బాయితో కలిసి వెతికాను. అన్నీ పెళ్ళిళ్ళే.

అయితే ఇళ్ళలో రికార్డు చేసుకున్నవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. తమ పిల్లాడు టీవీలో వస్తున్నాడని వీసీఆర్ అద్దెకి తెచ్చుకుని మరీ పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకని బెజవాడ, గుంటూరు, తెనాలి వైపు వాళ్ళు ఇది చదివితే, అటక మీద పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉంటే ఒకసారి కిందకి దించండి. లేబుల్ మీద ఏ సినిమా పేరున్నా, ఎవరి పెళ్ళి అని రాసున్నా పక్కన పడేయొద్దు. సినిమా అయ్యాక మిగిలిన టేపులో ఏదో ఒకటి ఎక్కించుకోవడం అందరికీ అలవాటు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి పొడి కనపడితే అది బూజు. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెట్టొద్దు, టేపు తెగుతుంది, యంత్రం తల కూడా పాడవుతుంది, ఆ బూజు తర్వాత పెట్టే టేపులకీ అంటుతుంది. ఎండలో కూడా పెట్టొద్దు. కవరులోంచి తీసి, గాలి ఆడే చోట నిలబెట్టి ఉంచండి చాలు. బూజు దులిపి, కంప్యూటర్‌లోకి ఎక్కించే మనిషిని నేను చూసి పెట్టుకున్నాను.

చీమ పిల్లకి ఇప్పుడు రెండో తరగతి చదివే కూతురుంది. మంగళగిరిలో ఉంటారు. ఆ టేపు దొరికితే ముందు తనకే చూపించాలని నాతో మాట తీసుకుంది. మీ దగ్గర ఉంటే కబురు చేయండి. నేనే వచ్చి తీసుకెళ్ళి, బాగు చేయించి, మీ క్యాసెట్టూ దాని కాపీ కూడా మీ ఇంటికి తెచ్చిస్తాను.